లారీకి గాలి పట్టింది

మొన్న నంద్యాలలో ఎవరో కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే, మా మిలిట్రీ లారీ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నాకు ఏడేళ్లు వచ్చేసరికే ఆళ్లగడ్డలో మా పొలాలూ గుర్రబ్బండీ పోయాయి. అయినా పండక్కి ఇంకొకరి బండెక్కడం మా ఇంట లేదు. నాయన, మిలిట్రీవాళ్లు వదిలేసిన లారీని తెచ్చి, ఖాళీ గుర్రాల కొట్టంలో మెకానిక్ మస్తాన్‌తో కలిసి ఆర్నెల్లు బాగుచేశాడు. శివరాత్రికి అందులోనే మహానందికి పోతామని ఊరంతా చెప్పాడు.

ఆ పొద్దున అది కదల్లేదు.

"గుర్రమైతే గడ్డి చూపిస్తే లేసేది కదప్పా!" అని గోడవతల జనం నవ్వారు.

ఇంజను దగ్గర వంగిన మస్తాన్, "గాలి పట్టిందన్నా" అన్నాడు.

మా ఇళ్లలో గాలి పట్టిందంటే దయ్యం పట్టిందనే అర్థం. యుద్ధంలో తిరిగిన బండి కదా, ఏ సిపాయి దయ్యమో అనుకున్నాను. వంటింట్లోంచి ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి తెచ్చి, లారీ ముందు తిప్పసాగాను.

"ఏందే ఇది?"

"దిగదీస్తాండా నాయనా."

మస్తాన్ పకపకా నవ్వాడు. నాయన నవ్వలేదు. "కానీ, బేగా తీయ్" అన్నాడు. నేను మూడుసార్లు తిప్పేదాకా ఆగి, ఇంజను ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాడు. లారీ గర్జించింది. గోడవతల నవ్వు ఆగింది.

పెట్రోలు పైపులో చేరిన గాలిని మస్తాన్ ఆ సందులో తీసేశాడని పెద్దయ్యాక తెలిసింది. నాయనకు అప్పుడే తెలుసు. అయినా ఆ రోజు మహానంది దాకా ఎవరడిగినా, స్టీరింగు ముందు నిటారుగా కూర్చుని ఒకటే మాట చెప్పాడు.

"మా పాప దిగదీసింది."