నాలుగడుగుల తొవ్వ

ఆ రోజు నేను చేసిన తప్పు పెసరగింజంత కూడా ఉండదు. మూడో తరగతి పిల్ల గీసిన బొమ్మలో నల్లటి మచ్చ ఒకటి కనిపిస్తే తుడిచేశాను. అంతే. దానికే తరగతి నిండా పిల్లల ముందు నా పరువు పోయింది. పరువుదేముంది, రోజూ పదిమందికి పరువు అచ్చువేసి ఇచ్చేవాణ్ణి, నాకొకటి వేసుకోలేనా. పోయింది అదొక్కటే అయితే ఈ సంగతి మీకు చెప్పేవాణ్ణే కాదు.

సిద్దిపేటలో నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. మా ఊళ్లో పిల్లి ఈనినా చౌరస్తాలో ఫ్లెక్సీ పడాల్సిందే, దాని కింద వరసగా పదిమంది దండం పెడుతూ ఉండాల్సిందే. ఆ పదిమంది మొహాలకూ నున్నగా రంగు పూసేది నేనే.

నా కూతురు మానస సర్కారు బడిలో చదువుతోంది. "ఇంటి నుంచి బడికి మీరొచ్చే తొవ్వ గీసుకొని రండి. మీకు ఏది కనవడితే అది గియ్యిన్రి" అని ఓ శుక్రవారం వాళ్ల సారు చెప్పాడట. పిల్ల రెండు రోజులు నేల మీద బోర్లా పడుకొని గీసింది. ఆదివారం సాయంత్రం దుకాణానికి తెచ్చి నా ముందు పరిచింది.

చూస్తే మీరూ నవ్వేవారు. తొవ్వ చూడబోతే, నీళ్లకు పోయే బర్రె నడిచినట్టు వంకర్లు. కుక్క బడికంటే పెద్దది. మిర్చీల బండి మీద మిర్చి బండికంటే పొడుగు. నా దుకాణం ఉండే చోట ఒక డబ్బా, దాని ముందు గుండ్రంగా నల్లటి మచ్చ. నా వేలి ఇంకే అంటి ఉంటుందనుకున్నాను.

"మంచిగుందా బాపు?"

"మంచిగనే ఉంది. గీడ వెట్టి పో. నేను సక్కగ జేస్త."

"సక్కగనే ఉంది గదా."

"నీకు తెల్వది బిడ్డా."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను వద్దన్నా పెట్టే రకం. వినాయకుణ్ణి చేయబోయి కోతిని చేసినవాళ్లను చూసి ఉంటారు. పిల్ల ముచ్చటపడి చేసుకున్న కోతిని లాక్కొని వినాయకుణ్ణి చేసినవాణ్ణి నేనే.

బొమ్మను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మా ఆవిడ సుజాత టీ తెచ్చి, తెరకేసి చూసి, "సారు నీకు చెప్పిండా, పిల్లకు చెప్పిండా?" అంది.

"నువ్వూకో. రేపు ఫస్ట్ ప్రైజ్ మనదే."

ప్రైజు ఉందని ఎవరూ అనలేదు.

తొవ్వను కొలత పెట్టి నిటారు చేశాను. కుక్కను కుక్కంత చేశాను. మచ్చను తీసేశాను. అంతా అయ్యాక ఏదో వెలితి. దండం పెట్టే ఫొటో లేని ఫ్లెక్సీని నా మిషన్ పుట్టినప్పటి నుంచి చూడలేదు మరి. పైన మానస ఫొటో, కింద మూలకు దండం పెడుతూ నేను. నాలుగడుగుల పొడుగున వచ్చింది. మిషన్ దగ్గర ఇంకు చిందితే చేతికందిన కాగితంతో తుడిచేశాను. ఏ కాగితమో మీకు తెలిసిపోయింది. తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి, ఆగుతాను.

సోమవారం నేనే మోసుకెళ్లి నల్లబల్ల మీద కట్టాను. బల్ల కనబడలేదు.

"సార్, మానస కౌన్సిలర్‌కు నిలవడుతుందా?" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు. తరగతంతా ఘొల్లుమంది. మెచ్చుకుంటున్నారనుకొని నేనూ నవ్వాను.

సారు నవ్వు ఆపుకొని, "మానసా, ఎట్లొస్తవో చూపెట్టు బిడ్డా" అన్నాడు.

పిల్ల లేచి ఫ్లెక్సీని కిందా మీదా చూసింది. "గిది మా తొవ్వ కాదు సార్" అంది.

"ఎందుకు కాదు?"

"గిండ్ల మా బాపు లేడు."

"ఉన్నడు గదా, కింద దండం వెడుతుండు."

"గాయన కాదు సార్."

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

సారు నా వైపు తిరిగి, "అన్నా, పిల్ల గీసింది యాడుంది?" అన్నాడు. పరుగున వెళ్లి తెచ్చాను. ఇప్పుడు దాని నిండా నిజంగానే మరకలు, ఎర్రవి, నీలివి, పసుపువి. ఇందులో నన్నెక్కడ వెతుకుతుందా అనుకున్నాను. వెతకనే లేదు. వేలు తిన్నగా ఆ నల్లటి మచ్చ మీద పెట్టింది.

"గది మరక గదా బిడ్డా" అన్నాను.

"కాదు బాపు, నీ తల. ఎనుక నుంచి."

బడి విడిచాక రోజూ నా దుకాణం ముందు నిలబడుతుందట. నేను వీధికి వీపు పెట్టి కంప్యూటర్ చూస్తూ ఉంటాను. "బాపూ అని పిలుస్త సార్. 'ఆఁ, పోయి బువ్వ తిను' అంటడు. ఇటు సూడడు" అని సారుకు చెప్పింది. నా మీద ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, కుక్క గురించి చెప్పినట్టే చెప్పింది. పిల్లలు నవ్వడం మానేశారు. వాళ్లు నవ్వినా బాగుండేది.

"మళ్ల గియ్యి బిడ్డా, గోడకు పెడుదాం" అన్నాడు సారు.

"మళ్ల గియ్య సార్."

అన్నట్టే వారం దాకా పెన్సిల్ ముట్టలేదు. కొత్త రంగుల డబ్బా తెచ్చిస్తే మూత కూడా తీయలేదు.

చివరికి నేను కంప్యూటర్ బల్లను వీధివైపు తిప్పాను. వైరు అందలేదు, వేరేది వేయించాను. తెర మీద ఎండ పడి, ఒక పెళ్లికొడుకు మొహం పచ్చగా అచ్చయింది. అయినా తిప్పిన బల్ల మళ్లీ తిప్పలేదు.

మొదటి రోజు బడి విడిచాక మానస వచ్చి నిలబడింది. నేను చూశాను. నేనెవరిని చూస్తున్నానోనని అది వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"నిన్నే బిడ్డా" అన్నాను.

నాలుగో రోజు లోపలికి వచ్చి స్టూలెక్కింది. ఆ ఆదివారం మళ్లీ బోర్లా పడుకుంది. తొవ్వ అదే వంకర, కుక్క ఇంకాస్త పెరిగింది. దుకాణం ముందు గుండ్రంలో ఈసారి రెండు కళ్లున్నాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. సరిచేద్దామని నా వేళ్లు దురద పెట్టాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను. సోమవారం ఆ బొమ్మ బడి గోడకెక్కింది.

నా ఫ్లెక్సీని బెజ్జంకిలో మా బావమరిది కోళ్లగూటి మీద కప్పాడు. వానొచ్చినా ఎండొచ్చినా నేనక్కడ కోళ్లకు దండం పెడుతూనే ఉన్నాను. ఆ కోళ్ల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఇకమీదట ఏ పిల్ల కాగితం మీద ఏ మచ్చ కనిపించినా, అది ఎవరి తలో అడగకుండా తుడవను.