రెండో ఆల్బంలో మేనత్త గొంతు

నా రెండో ఆల్బంలో మేనత్త పాడిందా లేదా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. పాడింది. నేను పక్కనే ఉన్నాను. అయినా ఆ మాట గట్టిగా అనడానికి నోరు రాదు.

మొదటి ఆల్బంలోని పాటలన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే. మొగుడంపల్లి అల్లం చేలల్లో కలుపు తీస్తూ ఆమె పాడుతుంటే వెనకాల నేనూ పాడేదాన్ని. పేరు మాత్రం నాకొచ్చింది. అందుకే రెండోదాంట్లో ఒక పాట ఆమే పాడాలని పట్టుబట్టాను. ఆమె సంబరం చూడాలి! వాడకట్టంతా చెప్పి, కొత్త చీర కట్టుకుని మరీ హైదరాబాద్ బయలుదేరింది.

స్టూడియోలో అద్దాల గదిలో ఒంటరిగా నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. ఒక వరుస పాడి ఆగింది. మళ్లీ మొదలుపెట్టించారు. మళ్లీ అక్కడే ఆగింది. పాట మరిచిపోయిందనుకుని, రాసి ఇవ్వమంటారా అని అడిగారు.

"మరుసుడేంది? నేనన్న, ఇగ పట్టెటోళ్లు పట్టాలె గద! ఏరి?" అంది మేనత్త.

చేలో ఆమె ఒక వరుస పాడి ఆగితే మేమంతా అదే వరుస అందుకుంటాం. ఆ సంగతి నాకైనా తట్టొద్దూ? నా మీద నాకే కోపం వచ్చింది. లోపలికి వెళ్లి పక్కన నిలబడి పట్టాను. ఇక ఆగలేదు మహాతల్లి.

తర్వాత డప్పూ గిటారూ చేర్చారు. "అమ్మగారి గొంతు కొంచెం సరిచేశాం" అన్నారు. విన్నాను. బాగుంది. ఏదో తేడాగానూ ఉంది. పదేపదే విన్నాక అసలుది ఎలా ఉండేదో నాకే అయోమయమైంది. సరేనన్నాను.

పాట విడుదలైన రోజు ఆమెను జహీరాబాద్‌లో మా ఇంటికి పిలిపించి ఫోన్‌లో వినిపించాను. నేను పట్టిన చోట "గిది నువ్వే!" అని నా తొడ మీద చరిచింది. పాట అయిపోయాక నా వైపు తిరిగింది.

"నన్ను తీసేశిన్రా బిడ్డా?"

"అయ్యో అత్తమ్మా, పాడింది నువ్వే!"

"నా గొంతు నాకెర్క లేదా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "పోనీ, ఫికర్ జెయ్యకు. గామె ఎవరో గని మంచిగనే పాడింది."

ఏడుపొచ్చింది నాకు. ఒట్టేసి చెబుదామని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, పాట మళ్లీ పెట్టాను. సగం దాకా విని, చెయ్యి తీసేశాను.