నేను కావలి పెట్టిన ఫోల్డరు

ఫోటోలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ నా లాప్‌టాప్‌లోకి వచ్చిన రోజు నుంచీ నాకు దాని మీద నమ్మకం లేదు. సాక్చి బజారులో కంప్యూటర్ దుకాణంలో దాన్ని ఎక్కించిన మనిషి అది అడిగిన ప్రతిదానికీ సరేనని నొక్కేశాడు. "సబ్ అలావ్ కర్ దీజియే అంకుల్, టెన్షన్ మత్ లీజియే" అన్నాడు. టెన్షన్ వద్దనే మనిషిని చూస్తేనే నాకు టెన్షన్. ఇంటికి రాగానే కంప్యూటర్ సెక్యూరిటీలోకి వెళ్లి, ఫోల్డర్లకు కాపలా కాసే ఏర్పాటు ఆన్ చేశాను.

దానికి కారణం ఉంది. నేను మా సంఘానికి కార్యదర్శిని. ఆరాధనకు వచ్చినవాళ్లు ప్రార్థన మనవులు చీటీ మీద రాసి, మడతపెట్టి, గుమ్మం దగ్గరి డబ్బాలో వేస్తారు. పాస్టరుగారు చదివి, ప్రార్థించి, చింపేస్తారు. ఆ చింపే ముందు నేను అడిగి తెచ్చుకునేవాణ్ణి. ఆయన నన్ను నమ్మి ఇచ్చేవారు. పేర్లతో సహా టైపు చేసి దాచాను. దేవుడు జవాబిచ్చినప్పుడు ఎవరూ మరిచిపోకూడదని నా ఉద్దేశం. తాగుడు మానని కొడుకులు, బయటికి చెప్పుకోలేని జబ్బులు, ఆగిపోయిన పెళ్లిళ్లు, అన్నీ ఆ ఫోల్డర్లో ఉన్నాయి. ఫోటోల ఫోల్డరు దాని పక్కనే.

భర్త పోయి ఏడాదైన మా సంఘ సోదరి ఒకామె, జ్ఞాపకార్థ కూడికకు రెండు రోజుల ముందు, భాలుబాసాలోని మా ఇంటికి వచ్చింది. ఆయనది ఒక్కటే మంచి ఫోటో ఉంది, ఉక్కు ప్లాంటులో తోటివాళ్లతో దిగింది.

"పక్కోళ్లని తీసేయండి అన్నయ్యగారూ. హెల్మెట్టు మాత్రం ఉంచేయండి. అది నేకపోతే ఆయన్ని ఎవులూ పోల్చరు."

స్కాన్ చేసి, పక్కవాళ్లను తీసి, ముఖం మీది మరక తుడిచాను. సేవ్ నొక్కితే కాలేదు. మూడోసారి నొక్కేసరికి తెర మూలన ఒక గడి లేచింది. ఈ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్లో మార్పు చేయబోయిందనీ, అడ్డుకున్నామనీ.

"చూశారా, పట్టుబడింది" అన్నాను.

మా ఆవిడ కద్మాలో ఒక బడిలో కంప్యూటర్ టీచరు. టీ గ్లాసులతో వచ్చి తెర చూసి నవ్వింది. "పట్టుబడిందేటి? మీరు సేవ్ చెయ్యమన్నారు, అది చేత్తంది. దొంగని కాదు, మీ పనోణ్ణే పట్టుకున్నారు. అనుమతి జాబితాలో దీన్ని చేర్చండి, అయిపోద్ది."

"చేరిస్తే ఫోటోలే ముడుతుందా, పక్క ఫోల్డర్లు కూడానా?"

"కాపలా ఉన్నవాటన్నిట్లోనూ రాయగలదు."

"అయితే వద్దు. పక్కన సంఘం ప్రార్థన చీటీలున్నాయి. ఇది చదివి ఎవరికి పంపుతుందో!"

"చదవడమా? ఈ కాపలా మార్చనివ్వదు, చెరపనివ్వదు. అంతేగానీ చదవకుండా ఆపదండీ. చదివేదైతే ఎక్కించిన రోజే చదివేసుంటది. అంతదాకా ఎందుకు, ఈ కుర్చీలో కూచున్నోళ్లు ఎవరైనా చదవొచ్చు."

ఆ కుర్చీలో కూర్చునేది నేనొక్కడినే.

సోదరి గ్లాసు కింద పెట్టింది. "సీటీలు ఇందులో ఉన్నాయేటి అన్నయ్యగారూ? పాస్టరుగారు సించేత్తారు కదా?"

సాక్ష్యాలనీ, జవాబులనీ ఏదో చెప్పబోయాను.

"నాదీ ఉందేటి?"

ఉంది. హెల్మెట్ కింద నవ్వుతున్న ఆ మనిషి గురించి, ఆయన బతికుండగా ఆమె రాసింది నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది. తల ఊపాను.

"తీసేయండి. ఫోటో తరవాత సూద్దాం."

ఆమె చూస్తుండగానే ఫోల్డరు మొత్తం చెరిపేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేయమని మా ఆవిడ గుర్తుచేసింది. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించాలని ఏళ్ల తరబడి సండే స్కూల్లో పిల్లలకు నేర్పాను. అవతలివాళ్లు తలుపు వేసుకున్న గదిలో మాత్రం నేనే నిలబడి ఉన్నాను. తర్వాత సాఫ్ట్‌వేర్‌ను జాబితాలో చేర్చాను. ఫోటో వెంటనే సేవ్ అయింది.

ఆదివారం కూడికలో ఆ ఫోటోను పువ్వుల మధ్య నిలబెట్టారు. హెల్మెట్టు చూసి ప్లాంటువాళ్లు దూరం నుంచే పోల్చారు. అందరూ వెళ్లాక డబ్బా తెరిచాను. ఒక చీటీకి మడత చుట్టూ నాలుగు స్టాప్లర్ పిన్నులు కొట్టి ఉన్నాయి. ఎవరిదో ఊహించకూడదనుకున్నాను, ఊహించాను. చీటీలన్నీ డబ్బాతో సహా పాస్టరుగారి చేతికిచ్చి, ఆయన మొదటి పిన్ను తీసేలోగా బయటికి వచ్చేశాను.