అమ్మ చాపిన వేలు

2005 ఎన్నికల రోజు సాయంత్రం ఆరుంపావుకు, నర్సు డ్యూటీ దిగిన అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఇంగ్లండులో, స్లౌలోని మా బడికి ఓటు వేయడానికి వచ్చింది. బల్ల దగ్గరి ఆవిడ జాబితాలో పేరు చూడగానే అమ్మ ఎడమ చూపుడు వేలు చాపింది. ఆవిడ దెబ్బ తగిలిందనుకుని ప్లాస్టర్ వెతికింది. వెనక నా స్నేహితురాలి తల్లి నవ్వింది. అమ్మ ఏదో అడుక్కుంటోందనిపించింది నాకు.

"మమ్, స్టాపిట్!" అని చెయ్యి కిందికి లాగేశాను.

దారిలో అమ్మ అంది: "ఇక్కడ సిరా పెట్టరా ఏంటే? మరి ఓటేసినట్టు నలుగురికీ ఎట్టా తెలుస్తది?"

"నోబడీ కేర్స్, మమ్."

ఈ ఉదయం అదే బడి హాల్లో ఓటు వేస్తుంటే, గుర్తు పెట్టడానికి దారం కట్టి ఉంచిన పెన్సిలు వాసనకు ఇదంతా గుర్తొచ్చింది. అమ్మ ఇప్పుడు లేదు. 2005 తర్వాత కూడా, ఉన్నన్నాళ్ళూ, ప్రతి ఎన్నికకూ కలిసే వెళ్ళేవాళ్ళం. చేతులు కోటు జేబుల్లో పెట్టుకునే నిలబడేది. వేలు మళ్ళీ చాపలేదు.