ఒక్క గిన్నెలో పోసిన మాత్రలు

సాతంరాయి దగ్గర రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని అమ్ముతుంటారు. విమానాశ్రయానికి పరిగెత్తే కార్లు ఆగవు. నేను మాత్రం ఆపిస్తాను. మాగిన సీతాఫలం వాసన తగిలితే చాలు, డాక్టర్ వసుంధర గారు గుర్తొస్తారు. తొంభైల్లో, ఇక్కడింకా విమానాలు లేని రోజుల్లో, శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద ఆవిడ నడిపిన చిన్న మానసిక వైద్యశాలలో నాకు మొదటి ఉద్యోగం. రోగుల ఇంటివాళ్ళతో మాట్లాడటం నా పని. మాది బందరు వైపు, ఆవిడదీ అటే. ఈ ఊళ్ళవాళ్ళు వచ్చి గంటలకొద్దీ చెప్పుకుంటుంటే ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని వినేవారు. నాకంత ఓపిక లేదు, ఇప్పటికీ లేదు.

అలా వచ్చేవాళ్ళలో సాతంరాయి ఎల్లమ్మ ఒకతె. కూరగాయలు పండించి అమ్ముకునే మనిషి. పాపం, ఇద్దరు కొడుకులకూ స్కిజోఫ్రీనియా. దేవుడికి ఒక్కరు చాలలేదు చూడండి! పెద్దవాడు నర్సింహ దర్జీ. మందులతో చెవుల్లో గొంతులు ఆగాయి గానీ, అవే మందులకు చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. చిన్నవాడు శ్రీశైలానికి ఎన్ని మందులు మార్చినా ఆ గొంతులు ఆగనేలేదు. అప్పుడే ఒక కంపెనీ తన కొత్త మాత్రను రోగులకిచ్చి పరీక్షించడానికి మా వైద్యశాలను కూడా ఎంచుకుంది. గొంతులూ ఆగుతాయట, చేతులూ వణకవట. అన్నీ అటలే, ఇంకా ఏదీ రుజువు కాలేదు. "ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు సుజాతా," అన్నారు వసుంధర గారు. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ మొహం పండగనాటి మొహంలా ఉంది.

ఎల్లమ్మను కూర్చోబెట్టి ఆవిడే అంతా వివరించారు. కొడుకులకు చెరో సీసా ఇస్తాం. ఒకరికి కొత్త మందు పడొచ్చు, ఒకరికి పాతది పడొచ్చు. మాత్రలు చూడటానికి ఒకేలా ఉంటాయి, ఏది ఎవరిదో మాకూ తెలియదు. చివర్లో పోల్చి చూస్తేనే కొత్తది మంచిదో కాదో తేలుతుంది. ఎల్లమ్మ ప్రతి మాటకూ తలూపింది. కొడుకులిద్దరూ గోడవారగా బల్ల మీద కూర్చున్నారు. తల్లి చెప్పిన చోట సంతకాలు పెట్టారు.

సీతాఫలాల కాలం వచ్చింది. ఒకరోజు ఎల్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని, నవ్వు మొహంతో వచ్చింది.

"పెద్దోడు నిన్న సూదిల దారం ఎక్కిచ్చిండు డాక్టరమ్మా! చిన్నోడు గూడ జర నిమ్మలంగ పండుకుంటుండు."

వసుంధర గారు సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచారు. "ఇద్దరికీనా?"

"ఇద్దరికి ఎందుకు కాదు? రెండు సీసలు ఒక్క గిన్నెల పోసి కలిపిన. ఒగనికి కొత్తది, ఒగనికి పాతది నా చేతితోని ఎట్లియ్యాలె? కన్నతల్లినమ్మా, ఒగనికి నెయ్యేసి ఒగనికి ఉత్త మెతుకులు పెడ్తనా?" అంటూనే ఒక పండు విప్పి, ఆవిడ చేతిలో సగం, నా చేతిలో సగం పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతా చెబితే ఇదా చేసేది! వసుంధర గారు మాత్రం ఆ సగం పండు చేతిలో అలాగే పట్టుకుని కూర్చుండిపోయారు. ఇక ఎవరికి ఏ మందు పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. సంగతి కంపెనీ హెడ్డాఫీసుకు రాసి పంపితే అన్నదమ్ములిద్దరినీ పరీక్షలోంచి తీసేస్తారు. మా దగ్గర ఆ పరీక్ష చూసుకునే కంపెనీ ఆయన ఫోనులో, "మనం రాయకపోతే ఎవరికి తెలుస్తుంది మేడమ్?" అన్నాడు. "రేపు ఈ మాత్ర నిజంగా బజారులోకొస్తే, దాన్ని నమ్మి మింగేవాళ్ళకు ఏం చెప్పమంటారు?" అన్నారావిడ. ఉన్నదున్నట్టు రాసి పంపారు. ఇద్దరినీ తీసేశారు.

ఆ కబురు చెప్పడానికి ఎల్లమ్మ ఇంటికి ఆవిడే వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని. ఎల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "నా చేతులార నా బిడ్డల నోటికాడిది గుంజుకుంటినే!"

"తప్పు నీది కాదమ్మా, నాది. నేను చెప్పాను, నువ్వు తలూపావు. నీకేం అర్థమైందో నేను అడగలేదు."

అప్పటిదాకా గోడవైపు తిరిగి తనలో తాను ఏదో గొణుక్కుంటున్న శ్రీశైలం ఇటు తిరిగాడు. "మమ్ముల్ని గూడ ఎవ్వలడగలె. అడిగితే చెప్తుంటి. అమ్మ ఏదైనా ఇద్దరికి సమానం పంచుతది, నాకెర్కే."

వసుంధర గారు నేల మీదే అతని ఎదురుగా కూర్చున్నారు. "ఇప్పుడడుగుతున్నాను నాయనా. నీకేం కావాలి?"

"నాకొద్దు. కొత్త గోలీలు ఉంటే అన్నకియ్యుండ్రి. వాడు కుడితే ఇల్లు గడుస్తది. నా చెవులల్ల లొల్లి నాకు అలవాటే."

ఇవ్వడానికి ఆ మాత్రలు ఇక లేవు. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. నా కోపం ఏమైందో నాకే తెలియదు.

ఆ మాత్ర చివరికి బజారులోకి రానేలేదు. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. నర్సింహ చేతులు మళ్ళీ వణికాయి. వసుంధర గారు పాత మందులనే కాస్త తగ్గిస్తూ, కాస్త మారుస్తూ, రిటైరయ్యేదాకా వాళ్ళను చూశారు. ఆవిడతో వెళ్ళినప్పుడల్లా అరుగు మీద అన్నదమ్ములిద్దరూ కనిపించేవాళ్ళు. శ్రీశైలం చెవుల్లో గొంతులకు జవాబు చెప్పుకుంటూనే సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. నర్సింహ తలవంచుకుని మిషను తొక్కేవాడు.

"తల గంగిరెద్దు కూడా ఊపుతుందే అమ్మాయ్, నోటితో చెప్పించు. ముందు రోగితో చెప్పించు," అనేవారు ఆవిడ ఆ తర్వాతి రోజుల్లో, నేను తొందరపడినప్పుడల్లా. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేనింకా ఇదే పనిలో ఉన్నాను, కొత్త మందులు ఇంకా వస్తున్నాయి, జనం ఇంకా ఆశపడుతున్నారు. మొన్న ఒక తండ్రి కాగితం లాక్కుని, "వాడికేం తెలుస్తది మేడమ్, నేను పెడ్త సంతకం," అన్నాడు. నేను కుర్చీ కొడుకు వైపు తిప్పుకుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. నీకేం అర్థమైందని అడిగితే ఆ అబ్బాయి తండ్రి చేతిలోని కాగితం వైపు చూశాడు. నేను ఆగాను.