తిరిగి కొట్టని డ్రిల్

అమెరికా సైన్యం జార్జియా రాష్ట్రంలో నడిపే క్యాంపులో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఎర్రమట్టి, పైన్ చెట్లు, చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్క. ఎనభైల మొదట్లో మాట. అమ్మానాన్నలతో అమెరికా వచ్చి ఆర్మీలో చేరిన నేను, అక్కడికి వైద్య సహాయకుడిగా వెళ్లాను. వారం తిరక్కుండానే కెప్టెన్ పిలిచి ఇంకో పని అంటగట్టాడు.

"పౌరహక్కుల ఉద్యమం మీద క్లాసు నువ్వు చెప్పు. నువ్వు తెల్లవాడివీ కాదు, నల్లవాడివీ కాదు. ఎవరికీ కోపం రాదు."

నా ఒంటి రంగు ఆయనకి అలా పనికొచ్చింది. అరవైల్లో నల్లవాళ్లు సమాన హక్కుల కోసం ఆ ఉద్యమం నడిపే రోజుల్లో నేను గుంటూరులో గోళీలాడుకుంటున్నాను. ఆర్మీ ఒక సినిమా రీలూ, చదివి వినిపించడానికి ఒక కాగితమూ ఇచ్చింది. గంటలో ముగించాలి.

"వాళ్లు ఓర్పు గల మనుషులు, అందుకే పోలీసులు కొట్టినా తిరిగి కొట్టలేదు" అని మొదటి క్లాసులో ఆ కాగితంలోంచి చదివాను. వెనక వరుసలో మా ప్లటూన్ సార్జెంట్ నవ్వాడు. నల్లజాతి మనిషి, ఆ పక్క కౌంటీలోనే పుట్టి పెరిగాడు.

"తప్పు చెప్పానా, సార్జెంట్?" అని తర్వాత అడిగాను.

"ఓర్పా? నాకప్పుడు పదిహేనేళ్లు. చంపేయాలన్నంత కోపం. చర్చి కింద గదిలో మాకు ప్రాక్టీసు పెట్టారు. మావాళ్లే తెల్లవాళ్లలా నటిస్తూ మమ్మల్ని తిట్టేవాళ్లు, కుర్చీలోంచి లాగి పడేసేవాళ్లు. తిరిగి చెయ్యెత్తినవాణ్ని ఊరేగింపుకి రానిచ్చేవాళ్లు కాదు. అది డ్రిల్. నీ కాగితంలో లేదు."

"అయితే మీరే చెప్పండి."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆయన ప్రమోషన్ తేల్చే బోర్డు సమావేశం దగ్గర పడింది. ఈసారి తప్పితే ఆర్మీలోంచి వెళ్లిపోవాల్సిందే. రెండు రోజులు ఆలోచించి, సరే అన్నాడు.

క్లాసులో సిమెంటు నేల మీద పడుకున్నాడు. మోకాళ్లు పొట్టలోకి, చేతులు మెడ వెనక్కి. "తలా, పొట్టా కాచుకోవాలి. పక్కవాడి మీద దెబ్బ పడుతుంటే వాడి మీద అడ్డంగా పడాలి." కొత్త కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. "నన్ను తిట్టండి" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడే కెప్టెన్ తలుపు తోసుకుని వచ్చాడు.

"యూనిఫాంలో నేల మీద దొర్లుతావా? దెబ్బలు తినడం నేర్పడానికా ఆర్మీ నీకు జీతమిచ్చేది?"

"నేనే అడిగాను, సర్" అన్నాను.

"నిన్నెవరూ అడగలేదు."

నాయకత్వ లక్షణాలు లేవని బోర్డుకి రాశాడు కెప్టెన్. కొట్టడమే నాయకత్వం కాబోలు! చలికాలం రాకముందే సార్జెంట్ సామాను సర్దుకున్నాడు. రీలూ కాగితమూ మళ్లీ నా నెత్తినే పడ్డాయి. ఓర్పు గురించిన ఆ వాక్యం చదవమని మళ్లీ ఆర్డరు.

సర్వీసు అయ్యాక కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో అమ్మానాన్నల దగ్గరికి వచ్చాను. ఒక పార్టీలో నాన్నగారి స్నేహితుడికి ఇదంతా చెప్పాను.

"ఆ బ్లాక్స్ గొడవ మనకెందుకురా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడాయన.

"కందకి దురద లేదని ఎవరన్నారు అంకుల్? వాళ్లు తన్నులు తిని చట్టాలు మార్పించకపోతే ఈ దేశం మనకి తలుపు తీసేదా?"

"సర్లే, ముందు భోంచెయ్యి" అని ప్లేటు చేతిలో పెట్టాడు.

నేను యుద్ధం చూడలేదు. కళ్లు మూసుకుంటే కనిపించేది ఒక్కటే. కెప్టెన్ అరుస్తున్నాడు. సార్జెంట్ అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. ఒక చెంపంతా సిమెంటు దుమ్ము. అటెన్షన్‌లో చెయ్యి కదపకూడదు కనక తుడుచుకోలేదు.