నులిపురుగులు, అమ్మ చేతి ముద్ద

మా చిన్నప్పుడు బోరబండలో ఒక్క గది ఇల్లు మాది... సాయంత్రం పని నుంచి రాగానే అమ్మ పెద్ద తలెలో అన్నం, పచ్చిపులుసు కలిపి నాకో ముద్ద, తమ్ముడికో ముద్ద పెట్టేది. ఎవరి ముద్ద పెద్దదని మాకు రోజూ పంచాయితీనే.

అమ్మ హైటెక్ సిటీలో ఒక అద్దాల ఆఫీసులో బాత్రూములు కడిగేది.

ఓసారి మా ఇద్దరికీ నులిపురుగులు పట్టాయి. తమ్ముడు ఒక్కచోట కుదురుగా కూర్చోలేడు... నాకూ అదే దురద. బెల్లం తినడం వల్లే అని అమ్మ డబ్బాను అటకెక్కించింది. వేపాకు నూరి ఉండలు మింగించింది. ఆ చేదు తలచుకుంటే ఇప్పటికీ నోరు ముడుచుకుపోతుంది. అయినా తగ్గలేదు.

చివరికి దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఇంట్లో అందరికీ మాత్రలు రాసి, ఇవి చేతుల నుంచే నోట్లోకి పోతాయని చెప్పి, గోళ్లు కొరికేది ఎవరని అడిగింది.

నేనే... రెండు చేతులూ వెనక దాచుకున్నాను.

అమ్మ తన చేతులు చూసుకుంది. "నేను చేసే పని గసొంటిది మేడం... నా చేతులకెల్లే వచ్చినయేమో" అంది. డాక్టరమ్మ అప్పటికే తర్వాతి వాళ్లను పిలుస్తోంది.

రెండు వారాలకు పురుగులు పోయాయి. ముద్దలూ పోయాయి. అమ్మ రాగానే బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకునేది... అయినా మాకు చెరో పళ్లెం, చెరో చెంచా. తమ్ముడు అలిగి ఏడ్చేవాడు. నేను అడిగేదాన్ని కాదు. అడిగితే నిజం చెప్పాల్సి వస్తుందని భయం.

ఇప్పుడు నేనూ ఒక అద్దాల ఆఫీసులోనే కంప్యూటర్ ముందు కూర్చుంటాను. చందానగర్‌లో ఇల్లు, అమ్మ నాతోనే. మొన్న అమ్మ నా కూతురికి గోళ్లు తీస్తుంటే ఇక ఆగలేక చెప్పేశాను... అప్పుడు గోళ్లు కొరికింది నేనేనని, తిడతావని దాచానని.

అమ్మ గోళ్లు తీయడం ఆపి తన చేతులు చూసుకుంది.

"అయితే నా చేతులు మంచిగనే ఉండెనా బిడ్డా?"

ఇన్నేళ్లూ నా ముద్దలు పోయాయనే బాధపడ్డాను... ఆమె ఏం మోసిందో ఒక్కరోజూ ఆలోచించలేదు.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరి పళ్లెం వాళ్లదే, ఎవరి ఫోన్ వాళ్లదే. మీకు మీ అమ్మ కలిపి పెట్టిన ముద్ద గుర్తుంటే, ఆ చేతి రుచి ఎలా ఉండేదో కింద రాయండి...

మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివి వినిపిస్తాను.